నోరు రాని ప్రార్థన

బేకరీ వెనక గది
వంతెన కూలిన మర్నాడు, పొద్దున

బుల్లీ,

ఈ ఉత్తరం నీ చేతికి అందిందంటే పడవ సరంగు మాట నిలబెట్టుకున్నట్టే. ఇక్కడ ఫోన్లు పనిచెయ్యడం లేదు, కరెంటు లేదు. నిన్న మధ్యాహ్నం వంతెన నడుమ భాగమంతా ఏట్లోకి దిగిపోయింది. ఆ చప్పుడుకి మన కొట్టులో బిస్కెట్ డబ్బాలు అల్మారా మీంచి దొర్లిపడ్డాయి. నేను పరిగెత్తుకుంటూ ఒడ్డుకి వెళ్ళేసరికి, రోజూ మీ ఆసుపత్రి గేటు కనిపించే చోట ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ లేవు.

మందుల షాపాయన మీ ఆసుపత్రికి మందులు పంపాలని సరంగుని బతిమాలి ఒప్పించాడు. పడవ చిన్నది. సరంగుకీ మందులకీ తప్ప చోటు లేదు. మందులు తడవకుండా కట్టడానికి ఏమైనా ఉందా అమ్మా అని నా దగ్గరికొచ్చాడు. బ్రెడ్డు కవర్లన్నీ ఇచ్చేశా. బన్నులు పెట్టే రేకు డబ్బా కూడా ఇచ్చా. నా కూలి ఈ ఉత్తరమే, మా ఆడపడుచుకి చేర్చండి అన్నా.

ఇప్పుడు అసలు సంగతి విను. పల్లపు వీధులు వరదలో మునిగి, అక్కడి వాళ్ళంతా బడిలో ఉన్నారు. పెద్ద టీచరమ్మ చీర మోకాళ్ళ దాకా తడుపుకుని నిన్న సాయంత్రం వచ్చింది. "పిల్లలు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదమ్మా. నీ దగ్గర ఏముంటే అది పెట్టు" అంది. నా దగ్గర ఏముంది? మీ అన్నయ్య నిన్న పొద్దున వ్యాన్ వేసుకుని మీ ఒడ్డున మిల్లుకి వెళ్ళిందే పిండి కోసం. కొట్టులో ఉన్నది మొదలుపెట్టేసిన ఒక్క బస్తా. ఓవెన్ చూస్తే కరెంటుది.

అప్పుడు పెరట్లో మామయ్యగారి నాటి, ఇటుకలతో కట్టిన రొట్టెల బట్టీ గుర్తొచ్చింది. తలుపు తీస్తే లోపల పిల్లి, దాని పిల్లలు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే నా చెయ్యి గీరింది. ఎలాగోలా వాటిని బుట్టలోకి మార్చి, కట్టెలు పేర్చి అంటించా. మామయ్యగారు చేస్తుంటే చూడటమే గానీ నేనెప్పుడూ ఆ బట్టీలో చెయ్యి పెట్టలేదు. మొదటి వాయి బొగ్గయింది. రెండో వాయి రాయయింది. మూడో వాయి బ్రెడ్డయింది, బుల్లీ. నిజం బ్రెడ్డు. ఆ పిల్లలు వేడివేడిగా చింపుకుని తింటుంటే నేను గుమ్మంలో నిలబడి నవ్వుతున్నా, కళ్ళమ్మట నీళ్ళు. పొగ వల్లే అనుకో.

నా ప్రార్థన వింటే నువ్వు నవ్వేదానివి. చేతులు పిండిలో, మొహం మసిలో. "ప్రభువా, రేపటిది రేపు అడుగుతా. ఇవాళ్టిది మాత్రం ఇప్పించు" అన్నా. ఇప్పించాడు. ఎన్నేళ్ళుగానో చర్చిలో కూర్చుని "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అంటున్నాను గానీ, అది నిజంగా రోజువారీగా అడగాల్సినదని నిన్ననే తెలిసింది.

మీ అన్నయ్య మీ ఒడ్డునే ఆగిపోయుంటాడు. ఈపాటికి నీ క్వార్టర్లో భోంచేసి, నీ చేత చీవాట్లు తింటూ ఉంటాడు. బట్టీ నేనే వెలిగించానని చెప్పు. నమ్మడు.

మీ వదిన


ఆసుపత్రి, నర్సుల గది

వదినా,

ఉత్తరం, మందులు రెండూ అందాయి. మందులు ఒక్కటి కూడా తడవలేదు. ఎంత మేలు చేశావో నీకు తెలియదు.

ఇక్కడ మంచాలు చాలక వరండాలో పడుకోబెడుతున్నాం. నిలబడి తింటున్నాం, నిలబడే కునుకు తీస్తున్నాం. నేను బాగానే ఉన్నాను.

అన్నయ్య సంగతి రాశావు. మిల్లు వైపు దారి ఇంకా నీళ్ళలోనే ఉంది. జనం చెల్లాచెదురైపోయారు. రూఢిగా చెప్పగలిగింది ఉన్నప్పుడు వెంటనే రాస్తాను.

పడవ ఎక్కాలని మాత్రం అనుకోకు. ఏరు ఇంకా దుంగల్ని మోసుకొస్తోంది. నిన్న ఒక పడవ తిరగబడింది. ఆ పిల్లలకి నువ్వు పెట్టకపోతే పెట్టేవాళ్ళు లేరు, అది గుర్తుపెట్టుకో. నువ్వు చేస్తున్న పని మంచి పని. చెయ్యి.

నీ కోసం ప్రార్థిస్తున్నాను.

బుల్లి


బేకరీ, బట్టీ పక్కన

బుల్లీ,

నీ ఉత్తరం తర్వాత చాలా జరిగింది. ఒక్కొక్కటీ చెప్పాలి, ఆగలేకపోతున్నాను.

ముందు ఈస్ట్ అయిపోయింది. ముందురోజు ముద్ద కాస్త మిగిల్చి పులియబెట్టి చూద్దామని కలిపాను. పొద్దున మూత తీస్తే ముద్ద పొంగి గిన్నె అంచు దాటి చూస్తోంది. కొంచెం పులుపు. పిల్లలు అదే బాగుందంటున్నారు. తర్వాత కట్టెలు అయిపోయాయి. వడ్రంగి తన కొట్లోంచి టేకు ముక్కలు తెచ్చి పోశాడు. "బీరువా చెయ్యాల్సిన కలపమ్మా ఇది, రొట్టెకి ఆ రుచి రావాలి మరి" అన్నాడు.

ఒక రోజు మాత్రం పిండి నిండుకుంది. ఊరంతా తిరిగాం. దొరికిన నూకా రవ్వా అన్నీ కలిపి కాలిస్తే మనిషికి సగం ముక్క వచ్చింది. ఒక చంటిపిల్ల తల్లి తన వాటా తిరిగి నా చేతిలో పెట్టి, "వెనక వరసలో ముసలాయనకి అందలేదు" అంది. ఆ సాయంత్రం నాకు దేవుడి మీద కోపమొచ్చింది. పాస్టరుగారితో అనేశాను కూడా. ఏదో ధైర్యం చెబుతారనుకున్నా. ఆయన "నాకూ వచ్చిందమ్మా" అని గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున బడి వెనక సందులో ఉన్న లారీ సంగతి తెలిసింది. వంతెన కూలిన రోజు నుంచీ అక్కడే ఉంది. అంతా ఖాళీ లారీ అనుకున్నాం. డ్రైవరు కేబిన్లో జ్వరంతో పడుకుని ఉన్నాడట, ఎవరినీ పలకరించలేదు. లేచి నా దగ్గరికొచ్చి, "అమ్మా, నిన్న సాయంత్రం రొట్టె వాసనకి లేచాను. ఒక ముక్క ఉంటే పెట్టండి. లారీ నిండా మైదా ఉంది గానీ పచ్చి పిండి బుక్కలేను కదా" అన్నాడు. చేతిలో పని వదిలేసి ఆయన వెంట లారీ దగ్గరికి పరిగెత్తా. పట్టా చిరిగి పైబస్తాలు అప్పటికే తడుస్తున్నాయి. యజమానికి ఏం చెప్పాలో తెలియక భయపడ్డాడు గానీ, టీచరమ్మ బడి ముద్ర వేసి కాగితం రాసిచ్చింది. "గడ్డ కట్టాక పారబొయ్యడం కంటే ఇదే నయం" అని తనే బస్తాలు మోశాడు. నాకు కోపం వచ్చిన ఆ సాయంత్రం కూడా ఆ పిండి బడి గోడ అవతలే ఉంది, బుల్లీ.

ఇక రెండో సంగతి.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. మీ అన్నయ్యని తిట్టకుండా నువ్వు ఉత్తరం రాయడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. "ఆ మొద్దు ఎక్కడ తిరుగుతున్నాడో" అనాల్సినదానివి. "మిల్లు వైపు దారి నీళ్ళలో ఉంది" అన్నావు. ఆసుపత్రి కాగితంలా రాశావు.

నేను గట్టిదాన్నే. కానీ ఒకటి చెబుతా, ఎవరితోనూ అనలేదు. పిండి కావాలని నోరారా అడుగుతున్నాను. కట్టెలు కావాలని అడుగుతున్నాను. మీ అన్నయ్య మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలడం లేదు. మోకరిస్తాను, ఆయన పేరు గొంతు దాకా వస్తుంది, లేచి వెళ్ళి పిండి పిసుకుతాను. అడిగితే దేవుడు "కాదు" అంటాడేమోనని. అడగనంత కాలం ఇంకా ఏమీ తేలలేదు కదా అని.

నీకు తెలిసింది రాయి. ఎలాంటిదైనా సరే.

మీ వదిన


ఆసుపత్రి, అన్నయ్య మంచం పక్కన

వదినా,

కూర్చుని చదువు. చివర చెప్పాల్సిన మాట ముందే చెబుతాను. అన్నయ్య బతికి ఉన్నాడు. ప్రాణానికి ఇక భయం లేదని డాక్టరుగారు ఇవాళ పొద్దునే చెప్పారు. నా ఎదురుగా దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. "గుండ్రంగా రాయవే, మీ వదినకి నీ కోడిగీతలు అర్థం కావు" అంటున్నాడు. ఆ మొద్దుని తిట్టి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడే తిట్టాను. ప్రాణం లేచొచ్చింది.

ఇక మిగతాది.

అన్నయ్య పిండి వేసుకుని తిరిగొస్తూ వంతెన ఎక్కాడు. కింద ఏదో కదిలినట్టనిపించిందట. వ్యాన్ అక్కడే వదిలేసి దిగి, వెనక వస్తున్న బస్సు తలుపులు బాదుతూ వెనక్కి తియ్యమని అరిచాడు. ఇదంతా ఆయన చెప్పలేదు, బస్సు డ్రైవరు వచ్చి చెప్పి ఏడ్చి వెళ్ళాడు. బస్సు ఒడ్డుకి చేరింది. అన్నయ్య చేరలేదు. జాలర్లు బయటికి లాగేసరికి కుడికాలి మీద దూలం పడి ఉంది. ఆ సాయంత్రం తెచ్చిన వాళ్ళలో మొహం మీద మట్టి తుడిచేదాకా నా అన్నయ్యని నేనే గుర్తుపట్టలేదు.

కాలు నుజ్జయిపోయింది. నెత్తురు ఆగడం లేదు. కాపాడాలంటే ఆ రాత్రే మోకాలి కింద కాలు తియ్యాలన్నారు. ఆయనకి తెలివి లేదు. భార్య సంతకం కావాలన్నారు. నువ్వు ఏరుకి అవతల ఉన్నావు. నేను పెట్టాను వదినా. నీ బదులు నేను సంతకం పెట్టాను. కాలు తీసేశారు.

తర్వాత ఇవ్వాల్సిన మందు మా స్టోరులో అయిపోయింది. మర్నాడు సరంగు తెచ్చిన రేకు డబ్బాలో అది ఉంది. నువ్వు కట్టిచ్చిన కవర్లలోంచే తీసి ఎక్కించాను. రెండు రోజులకి అన్నయ్యకి తెలివొచ్చింది. పక్కనే పడున్న ఖాళీ కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటే, ఇక్కడ మన బన్నుల వాసన వస్తోంది" అన్నాడు. అదే ఆయన మొదటి మాట.

నీకెందుకు చెప్పలేదంటావు. బతికే ఉన్నాడని రాస్తే, ఆ ఉత్తరం ఏరు దాటేలోగా అబద్ధమైపోతుందేమోనని నా భయం. చెబితే నువ్వు ఆ ప్రవాహంలో పడవ ఎక్కేస్తావని ఇంకో భయం. తప్పే అయితే, వచ్చి నా చెంప పగలగొట్టు.

ఒక్కటి మాత్రం దాచను. పక్క మంచం మీద ఒక అబ్బాయి ఉండేవాడు. అదే మందు, అవే నా చేతులు. వాళ్ళమ్మ కూడా మన వాళ్ళలాగే మోకరించి అడిగింది. ఆ అబ్బాయి పోయాడు. మనకేం కావాలో మన తండ్రికి తెలుసని నేను నమ్ముతాను వదినా. మరి ఆవిడకేం కావాలో తెలియదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండానే నమ్ముతున్నాను. రోజూ ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని వస్తున్నాను.

అన్నయ్య రోజంతా నీ ఉత్తరాలే చదివిస్తున్నాడు. బట్టీ నువ్వే వెలిగించావంటే నిజంగానే నమ్మలేదు.

బుల్లి


బేకరీ

బుల్లీ,

నీ ఉత్తరం బట్టీ ముందు నిలబడే చదివాను. కూర్చోమన్నావని గుర్తొచ్చేసరికి పిండి బస్తా మీద కూలబడి ఉన్నాను. ఆ వాయి మొత్తం మాడిపోయింది. టీచరమ్మ పొగ చూసి పరిగెత్తుకొచ్చింది. ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ చదివి, బడంతా వినపడేలా "మన బ్రెడ్డాయన బతికే ఉన్నాడర్రా" అంది. ఎంత నెమ్మదైన మనిషో నీకు తెలుసు. ఆ గొంతు ఆవిడదేనా అనిపించింది. అందరూ వచ్చి నన్ను పట్టుకున్నారు. లారీ డ్రైవరు ఎందుకో నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

ముందు నీ మీద కోపం తీర్చుకోనీ. నన్ను ఇన్నాళ్ళు చీకట్లో ఉంచావు. నువ్వు ఒక్కదానివే ఆ బరువంతా మోశావు. నాకు రెండో దాని మీదే ఎక్కువ కోపం. ఆ సంతకం సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు. అది నా సంతకమే. నా చెయ్యి ఏరు దాటి రాలేకపోతే నీ చెయ్యి అరువిచ్చావు, అంతే.

కాలు పోయిందని చదివినప్పుడు ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. నిజం దాచను. పొద్దున్నే సైకిల్ మీద బ్రెడ్డు వెయ్యడానికి వెళ్ళే మనిషి. అది తల్చుకుని ఏడ్చాను. మళ్ళీ మొదటి పేజీ తీసి "బతికి ఉన్నాడు" అన్న చోట చదివాను. మళ్ళీ ఏడ్చాను. ఈ రెండు ఏడుపులూ వేరు, బుల్లీ.

ఇప్పుడు నాకు ఊపిరాడనివ్వనిది ఇంకోటి. నేను ఆయన కోసం ఒక్కసారి కూడా అడగలేదు. నోరు రాక లేచి వెళ్ళిపోయిన ప్రతిసారీ, ఆయన నీ చేతి కిందే ఉన్నాడు. నేను అడగలేకపోయినది కూడా దేవుడికి తెలుసు. తెలిసి, నా మాట కోసం ఆగలేదు. ఇది ఎవరికి చెప్పాలో తెలియక పొద్దుట్నుంచీ కనపడిన వాళ్ళకల్లా చెబుతున్నాను. వడ్రంగికి మూడుసార్లు చెప్పానట.

పక్క మంచం అబ్బాయి తల్లి మాట మాత్రం నన్ను పట్టుకుంది. నేనొచ్చాక ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు.

అవును, వస్తున్నాను. ఏరు తగ్గిందని సరంగు ఒప్పుకున్నాడు. ఈ పిల్లల్ని వదిలి ఎలా రావాలా అని మధ్యాహ్నమంతా గింజుకున్నాను. సాయంత్రం బట్టీ దగ్గరికి వెళ్తే, టీచరమ్మ మోచేతుల దాకా పిండిలో ఉంది. ఆ చంటిపిల్ల తల్లి ముద్దలు చేస్తోంది. లారీ డ్రైవరు నిప్పులు లాగుతున్నాడు. "చూశావా, రంగు బాగానే వచ్చింది" అని టీచరమ్మ ఒక బ్రెడ్డు చూపించింది. బాగా వచ్చింది. నాకు కొంచెం కుళ్ళు కూడా వచ్చింది. "వెళ్ళమ్మా, ఇక నువ్వు లేకపోయినా మాడ్చుకోం" అన్నారు.

ఈ ఉత్తరం ఇప్పటి పడవలో పంపుతున్నాను. రేపు పొద్దుటి పడవలో నేను. నేను ఏడవనని మీ అన్నయ్యకి చెప్పు. అబద్ధమే, అయినా చెప్పు.

మీ వదిన


బేకరీ
తాత్కాలిక వంతెన తెరిచాక

బుల్లీ,

మీ అన్నయ్యని ఇంటికి తీసుకొచ్చిన ఆ రోజు నువ్వు డ్యూటీ వదిలి రాలేకపోయావు గదా, అందుకే రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం చెప్పగానే నువ్వు "సరే వదినా, బెల్లు మోగుతోంది" అంటావు.

వంతెన ఇవతలికి వచ్చేసరికి బడిలో ఉన్న వాళ్ళంతా ఒడ్డున నిలబడి ఉన్నారు. బస్సు డ్రైవరు తన పిల్లల్ని కూడా తెచ్చాడు. నడిచి వస్తానని మీ అన్నయ్య చంకకర్రలు అందుకున్నాడు గానీ, వాళ్ళు వింటేనా. కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఎత్తుకున్నారు. "దింపండర్రా, పెళ్ళికొడుకునా నేను" అని దారంతా గొణుక్కున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. అంత సంతోషం నేను మోయగలనా అనిపించింది.

కానీ ఇంటికొచ్చాక ఆయన బేకరీలోకి రాలేదు. ముందు గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. వచ్చిన వాళ్ళతో నవ్వుతూ మాట్లాడతాడు, వాళ్ళు వెళ్ళగానే మొహం మూసుకుంటాడు. "నిలబడలేనివాడు పిండి పిసకలేడు. ఇక నువ్వే చూసుకోవాలి" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆసుపత్రిలో ఆ తల్లి పక్కన కూర్చున్నప్పుడు నేర్చుకున్నదది. ఆ రోజు ఆవిడకి మంచి మాట చెప్పాలని ఎంత వెతుక్కున్నానో నీకు తెలుసు. చివరికి ఏమీ దొరక్క ఊరికే కూర్చుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. అలాగే ఈయన పక్కన కూర్చున్నాను. ఈసారి మాత్రం లోపల ప్రార్థించాను, బుల్లీ. ఆయన పేరు పెట్టి, ధైర్యంగా అడిగాను. కాలు తిరిగిరావాలని కాదు. ఈయనకి ఏం కావాలో నాకే తెలియడం లేదు, నీకు తెలుసు, అది ఇవ్వు అన్నాను.

ఇవాళ పొద్దున లేచేసరికి మంచం మీద మనిషి లేడు. బేకరీలో దీపం వెలుగుతోంది. వెళ్ళి చూస్తే, పిండి కలిపే పెద్ద తొట్టిని నేల మీదకి దించుకున్నాడు. ఎలా దించాడో అడిగితే చెప్పడం లేదు. దాని ముందు గోనెపట్టా వేసుకుని కూర్చుని, చొక్కా చేతులు మడిచి, ఒళ్ళంతా పిండి చేసుకుని పిసుకుతున్నాడు. పాట కూడా పాడుతున్నాడు, ఎప్పట్లాగే శ్రుతి లేకుండా.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"కూర్చుంటే ఒళ్ళు బరువంతా చేతుల్లోకి వస్తోందే. ముద్ద ఎంత మెత్తగా వచ్చిందో చూడు. ఇన్నేళ్ళు ఊరికే నిలబడ్డాను" అన్నాడు.

నేను వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుని తొట్టిలో చేతులు పెట్టాను. కాసేపయ్యాక ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, పిసకడం మాత్రం ఎవరమూ ఆపలేదు.

ఇప్పుడు మొదటి వాయి బట్టీలో ఉంది. ఇంకా రాయాలనే ఉంది గానీ, ఉత్తరం తర్వాత రాసుకోవచ్చు, ముందొచ్చి ట్రే తియ్యమని అరుస్తున్నాడు. వెళ్ళాలి.

మీ వదిన